మీ ఇంటి పైపు ‘అన్‌నోన్’: అమెరికా నీటి సంస్థల ఉత్తరాల్లో ఆ మాటకు అర్థమేమిటి

క్లుప్తంగా: వీధి నుంచి ఇంటికి నీళ్లు తెచ్చే పైపు సీసంతో చేసిందా కాదా అన్నది ప్రతి కనెక్షన్‌కూ తేల్చి జాబితా రాయాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నీటి సంస్థలను ఆదేశించింది. చాలా ఊళ్ల జాబితాల్లో ‘తెలియదు’ అనే జవాబు పెద్ద సంఖ్యలో వచ్చింది. నీటి పరీక్షతో ఈ ప్రశ్న తేలదు. పైపును కళ్లతో చూడాలి, లేదా నమ్మదగిన రికార్డు ఉండాలి. రెండూ లేనప్పుడు తవ్వాలి.

ఉత్తరంలో ఏముంది

అమెరికాలో నీటి సంస్థలు సర్వీస్ లైన్ల జాబితా సమర్పించడానికి 2024 అక్టోబరు 16 గడువు. ఆ తర్వాత నెల రోజుల్లోగా కొందరు వినియోగదారులకు ఉత్తరాలు వెళ్లాయి. న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో పాత ఊళ్లలో ఉండే తెలుగు కుటుంబాల్లోనూ ఇవి కలవరం రేపాయి. ‘మా నీళ్లలో లెడ్ (సీసం) ఉందట’ అని కొందరు అర్థం చేసుకున్నారు. ఏదో ప్రకటనల కాగితం అనుకుని చెత్తబుట్టలో వేసినవారూ ఉన్నారు. నిజానికి ఆ ఉత్తరం నీటి గురించి కాదు, పైపు గురించి.

జాబితాలో ప్రతి కనెక్షన్‌నూ నాలుగు రకాల్లో ఒకటిగా రాయాలి. సీసం పైపు, సీసం కానిది, మార్చాల్సిన జీఐ పైపు, తెలియనిది. ‘సీసం కానిది’ అని తేలిన ఇంటికి ఉత్తరం రాదు. మిగిలిన మూడింటికీ వస్తుంది. ‘అన్‌నోన్’ అని ఉత్తరం వస్తే ఆ ఇంటి పైపు దేనితో చేసిందో చెప్పే నమ్మకమైన ఆధారం సంస్థ దగ్గర లేదని మాత్రమే అర్థం.

ఇక్కడ పైపు అంటే సర్వీస్ లైన్. వీధి కింద పోయే పెద్ద మెయిన్ నుంచి ఇంటి మీటరు దాకా వచ్చే చిన్న పైపు అది. మెయిన్లు సాధారణంగా ఇనుప పైపులు. సీసం మెత్తని లోహం, రెండంగుళాలు దాటిన పైపులకు పెద్దగా వాడలేదు. అందుకే వందల ఫ్లాట్లున్న పెద్ద అపార్టుమెంటు భవనానికి సీసం సర్వీస్ లైన్ ఉండే అవకాశం తక్కువ. 1986కు ముందు కట్టిన విడి ఇళ్లు, రెండు మూడు కుటుంబాలుండే చిన్న భవనాలే అసలు అనుమానితులు. డాలస్ శివార్లలో గత పాతికేళ్లలో లేచిన కాలనీల్లో ఈ భయానికి దాదాపు చోటు లేదు. సీసం పైపుల మీద నిషేధం వచ్చాక కట్టిన ఇల్లు అన్న రికార్డు ఉంటే దాన్నే ఆధారంగా తీసుకుని ‘సీసం కానిది’ అని రాసుకోవచ్చు. నిషేధం అమల్లోకి వచ్చిన ఏడు రాష్ట్రాన్ని బట్టి కొద్దిగా అటూ ఇటూ.

సీసాన్ని ఎందుకు ఎంచుకున్నారు

సీసం అంటే తెలుగువాళ్లకు ముందు పద్యం గుర్తొస్తుంది. లాటిన్‌లో సీసం పేరు ప్లంబమ్. ప్లంబర్ అనే మాట పుట్టింది అందులోంచే. రోమన్ల కాలం నుంచీ నీటి పైపు అంటే సీసమే అన్నంతగా ఆ వాడుక పాతుకుపోయింది. దానికి కారణాలున్నాయి. సీసం పైపును చేత్తో వంచవచ్చు. నేల కుంగినా అది విరగదు. ఇనుములా తుప్పుపట్టి పూడుకుపోదు, దశాబ్దాలు నిలుస్తుంది. అంత మన్నిక ఉంది కాబట్టే వందేళ్ల కిందట వేసిన పైపులు ఈనాటికీ నీళ్లు మోస్తున్నాయి.

సీసం ఒంట్లో చేరితే ప్రమాదమని తెలియక వేశారనడం పూర్తి నిజం కాదు. 1920ల నాటికే అమెరికాలో చాలా నగరాలు సీసం పైపులను వదిలేయడం మొదలుపెట్టాయి. 1928లో సీసం కంపెనీలన్నీ కలిసి లెడ్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ పెట్టుకుని నగరాల నిబంధనల్లో సీసానికి చోటు దక్కేలా ఏళ్ల తరబడి ప్రచారం నడిపాయి. షికాగోలోనైతే చిన్న కనెక్షన్లకు సీసం పైపే వేయాలన్న నియమం 1986లో కేంద్ర చట్టం నిషేధించే వరకూ కొనసాగింది. దేశంలోని నగరాలన్నిటిలోకీ అత్యధికంగా, సుమారు 4 లక్షల సీసం లైన్లు షికాగోలోనే ఉండటం యాదృచ్ఛికం కాదు. 2023లో ఈపీఏ వేసిన అంచనా ప్రకారం దేశం మొత్తం మీద ఇవి 92 లక్షలు.

నీళ్లు పరీక్షిస్తే తెలియదా

అందరికీ వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ల్యాబుకు ఓ సీసాడు నీళ్లు పంపితే పోలేదా? పోదు. కారణం పైపు లోపలే ఉంది.

సీసం పైపులో నీళ్లు పారుతూ ఉంటే లోపలి గోడకు కాలక్రమంలో ఒక పొర పేరుకుంటుంది. నీటిలోని ఖనిజాలు, క్లోరిన్, ఆల్కలీ గుణం, నీటి సంస్థ కలిపే రసాయనాలు, ఇవన్నీ కలిసి ఆ పొరను తయారుచేస్తాయి. పొర గట్టిగా ఉన్నంతకాలం సీసానికీ నీటికీ నేరుగా తాకిడి ఉండదు. చాలా సంస్థలు ఆర్థోఫాస్ఫేట్ అనే రసాయనాన్ని కొద్ది మోతాదులో కలపడం ఈ పొరను నిలబెట్టడానికే. అలాంటి ఊళ్లో సీసం పైపున్న ఇంట్లో పట్టిన నీళ్లలో కూడా సీసం దాదాపు కనిపించకపోవచ్చు. పొర ఈ రోజు నిలిచి ఉందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. పైపు సంగతి చెప్పదు.

రాజధాని వాషింగ్టన్‌లో ఇదే బయటపడింది. 2000 సంవత్సరంలో అక్కడ క్లోరిన్ బదులు, క్లోరిన్‌కు అమ్మోనియా కలిపితే వచ్చే క్లోరమైన్‌తో నీటిని శుద్ధి చేయడం మొదలుపెట్టారు. క్లోరిన్ వల్ల పుట్టే హానికర ఉప ఉత్పత్తులు తగ్గించాలన్నది ఉద్దేశం, అందులో తప్పేమీ లేదు. కానీ సీసం పైపుల్లో అప్పటిదాకా ఉన్న పొర, సీసపు డయాక్సైడ్, ఘాటైన క్లోరిన్ సమక్షంలోనే స్థిరంగా ఉంటుంది. క్లోరిన్ పోగానే అది కరగడం మొదలైంది. ఆ తర్వాతి మూడు నాలుగేళ్లలో వేల ఇళ్ల కుళాయిల్లో సీసం పరిమితి దాటింది. పైపులు పాతవే, ఇళ్లూ పాతవే, నీళ్లు తెచ్చే నదీ అదే. మారింది ఒక్క రసాయనం. 2004లో ఆర్థోఫాస్ఫేట్ కలపడం మొదలుపెట్టాకే స్థాయులు దిగివచ్చాయి.

మిషిగన్‌లోని ఫ్లింట్‌లో 2014 ఏప్రిల్‌లో జరిగింది ఇంకా ముతక తప్పు. ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ సరఫరా మానేసి ఫ్లింట్ నది నీటికి మారారు. ఆ నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ, పైగా పొరను కాపాడే రసాయనం కలపనేలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే జనరల్ మోటార్స్ ఇంజన్ ప్లాంటు ఆ నీళ్లు తమ విడిభాగాలను తినేస్తున్నాయని వాడటం మానుకుంది. ఊరి జనం మాత్రం ఇంకో ఏడాది తాగారు. 2015 సెప్టెంబరులో పిల్లల డాక్టర్ మోనా హనా-అటీషా రక్త పరీక్షల లెక్కలు బయటపెట్టాక, అక్టోబరులో తిరిగి డెట్రాయిట్ నీటికి మారారు.

పరీక్ష నమ్మకంగా ఉండకపోవడానికి ఇంకో కారణం ఏ లీటరు పట్టారన్నది. ఇంట్లో అర అంగుళం పైపులో ఒక లీటరు నీళ్లు ఆరేడు మీటర్ల పొడవున నిలిచి ఉంటాయి. ముప్పావు అంగుళం పైపైతే మూడు మీటర్లకు పైగా. తెల్లవారాక కుళాయి తిప్పి పట్టిన మొదటి లీటరు వంటింటి గోడలోని పైపులో రాత్రంతా నిలిచిన నీరు. సర్వీస్ లైన్‌లో నిలిచిన నీరు ఇంకా వెనక ఉంటుంది, నాలుగో లీటరులోనో అయిదో లీటరులోనో వస్తుంది. 1991 నాటి నియమం మొదటి లీటరునే పరీక్షించమంది. అంటే దాదాపు ముప్పై ఏళ్ల పాటు చాలా ఇళ్లలో పరీక్షించింది కుళాయిని, దాని దగ్గరి అతుకులను. వీధి పైపును కాదు. సవరించిన నియమాల్లో సీసం లైన్లున్న చోట అయిదో లీటరు కూడా పట్టాలన్నారు. పట్టేముందు కనీసం ఆరు గంటలు ఇంట్లో ఎక్కడా నీళ్లు వాడకూడదు. ముందురోజు రాత్రి పైపును కడిగినట్టు నీళ్లు వదిలేయడం, కుళాయి మూతిలోని జల్లెడ తీసేయడం లాంటి పద్ధతులతో ఫలితం తక్కువ వస్తుంది. ఇవి చేయొద్దని ఈపీఏ 2016లో ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

నాణెం, అయస్కాంతం

పైపును గుర్తించే తొలి పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. చలి ప్రాంతాల్లో మీటరు సాధారణంగా బేస్‌మెంట్‌లో ఉంటుంది. వీధి వైపు గోడలోంచి పైపు లోపలికి వచ్చి మొదటి వాల్వులో కలుస్తుంది. గోడకూ ఆ వాల్వుకూ నడుమ కనిపించే జానెడు మూరెడు ముక్కే కీలకం. వాల్వు దాటాక ఉన్నది తర్వాత ఎప్పుడైనా మార్చిన ఇంటి పైపు కావచ్చు, దాన్ని చూసి నిర్ణయించడం పొరపాటు.

ఆ ముక్క మీద దుమ్ము, రంగు ఉంటే తుడిచి, నాణెంతోనో తాళంచెవితోనో మెల్లగా గీకాలి. చాకు వద్దు. కింద ఎరుపు రంగు కనిపిస్తే రాగి. పైకి మసిబారిన బూడిద రంగులో ఉండి, గీకగానే వెండిలా తళుక్కుమంటే సీసం. అది ఎంత మెత్తనిదంటే గీత ఇట్టే పడుతుంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం దానికి అంటుకోదు. చాలాసార్లు వాల్వుకు కలిసే చోట ఉల్లిగడ్డలా ఉబ్బిన అతుకు ఉంటుంది, అది పాతకాలపు ప్లంబర్లు కరిగిన లోహాన్ని గుడ్డతో తుడిచి చేసిన జాయింటు. అయస్కాంతం టక్కున అంటుకుని, చివర్లలో మరలుంటే జీఐ పైపు.

జీఐ దగ్గర ఒక మెలిక ఉంది. జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుము. అదే సీసం కాదు. కానీ దాని ముందు ఎప్పుడో ఒకప్పుడు సీసం పైపు ఉంటే, అక్కడి నుంచి వచ్చిన సీసం రేణువులు జీఐ లోపలి తుప్పులో చిక్కుకుని ఉంటాయి. సీసం ముక్క తీసేసిన ఏళ్ల తర్వాత కూడా అవి విడతలుగా రాలుతుంటాయి. అందుకే ‘మార్చాల్సిన జీఐ’ అని ప్రత్యేక వర్గం పెట్టారు.

నాణెం పరీక్షకూ హద్దుంది. అది చూపించేది గోడ లోపలి ముక్క. అక్కడి నుంచి కాలిబాట దగ్గరి వాల్వు దాకా, అక్కడి నుంచి వీధి మెయిన్ దాకా వేరే పైపు ఉండొచ్చు. చాలా ఊళ్లలో కాలిబాట దాకా సంస్థది, లోపలిది ఇంటి యజమానిది. ఒకరు మార్చి ఇంకొకరు మార్చకపోవడం మామూలే.

కార్డులు, గుంతలు, లెక్కలు

‘సంస్థ దగ్గర రికార్డు ఉండదా’ అనిపించడం సహజం. ఫ్లింట్‌లో ఉన్న రికార్డు వేల కొద్దీ ఇండెక్స్ కార్డులు, పెన్సిల్‌తో గుర్తులు పెట్టిన పాత మ్యాపులు. కొన్ని కార్డుల్లో పైపు రకం రాయాల్సిన చోట ఖాళీ. కొన్నిటిలో రాసింది ఒకటి, తవ్వితే తేలింది ఇంకొకటి. మరమ్మతుకు వచ్చిన మనిషి పైపు మార్చి కార్డు దిద్దకుండా వెళ్లిపోయుంటాడు. 40 ఏళ్ల తర్వాత అలాంటి తప్పు ఎక్కడ ఉందో వెతకడం సామాన్యం కాదు.

రికార్డు నమ్మలేనప్పుడు తవ్వాలి. ఇప్పుడు చాలాచోట్ల ప్రొక్లెయిన్‌తో కాకుండా, నీటి ధారతో మట్టిని మెత్తబరిచి వ్యాక్యూమ్‌తో లాగి చిన్న గుంత తీస్తారు. అయినా ఇంటికో గుంత అంటే పెద్ద ఖర్చే. కాబట్టి ఏ ఇంటి ముందు ముందుగా తవ్వాలన్నది డబ్బు ప్రశ్న. ఇల్లు కట్టిన ఏడు, దాని విలువ, ఇరుగుపొరుగు ఇళ్లలో తేలిన ఫలితం, ఉన్నంతలో పాత రికార్డు, ఇవన్నీ కలిపి సీసం ఉండే అవకాశాన్ని లెక్కగట్టే మోడల్‌ను జేకబ్ అబెర్నెతీ, ఎరిక్ ష్వార్ట్జ్ అనే పరిశోధకులు ఫ్లింట్ కోసం తయారుచేశారు. దాని సాయంతో 2017లో తవ్విన చోట్ల సుమారు 70 శాతం మార్చాల్సిన పైపులే దొరికాయి. మరుసటి ఏడాది మోడల్‌ను పక్కనపెట్టి వీధులకు వీధులు తవ్వుకుంటూ పోయారు. దొరికింది 15 శాతం దరిదాపుల్లోనే.

అంకెలు చూస్తే మోడల్‌ను వదిలేయడం వట్టి తెలివితక్కువతనంలా కనిపిస్తుంది. కానీ అప్పటికే ప్రభుత్వం మాట నమ్మి మోసపోయిన ఊరది. పక్కింటి ముందు తవ్వి, తన ఇంటి దగ్గర ‘కంప్యూటర్ అవసరం లేదంది’ అంటే ఒప్పుకునే ఓపిక ఎవరికీ లేదు. ఫ్లింట్‌లో 2025 నాటికి సుమారు 11,000 సీసం లైన్లు మార్చారు. తొలి గుంత నుంచి అక్కడికి చేరడానికి తొమ్మిదేళ్లకు పైగా పట్టింది.

న్యూజెర్సీలోని న్యూఅర్క్ అదే పనిని మూడేళ్లలోపు ముగించింది, 2019 నుంచి 23,000 లైన్లు. యజమాని సంతకం కోసం ఆగకుండా పైపు మార్చే అధికారాన్ని నగరం ఆర్డినెన్సుతో తెచ్చుకుంది, ఇంటివారి దగ్గర రూపాయి తీసుకోలేదు. అద్దె ఇళ్లు ఎక్కువున్న ఊళ్లో యజమాని ఎక్కడో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఆ చిక్కుముడి విప్పడమే అక్కడి వేగానికి అసలు కారణం.

సగం మారిస్తే

సంస్థ తన వాటా పైపు మార్చి, యజమాని వాటా వదిలేస్తే సగం ప్రమాదం పోతుందనుకోవడం సబబుగానే అనిపిస్తుంది. జరిగేది వేరు. కోతకు కదిలిన పాత సీసం ముక్కలోంచి రేణువులు ఊడి కొన్నాళ్లు నీళ్లలోకి వస్తాయి. పైగా కొత్త రాగి, పాత సీసం ఒకే నీటిలో నేరుగా తాకితే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, సీసం త్వరగా కరుగుతుంది. అందుకే కొత్త నియమాలు మెయిన్ నుంచి ఇంటి దాకా పూర్తిగా మార్చాలంటున్నాయి. మార్చాక కూడా కొన్ని నెలలు ఫిల్టర్ వాడమంటారు.

15, 10, సున్నా

లీటరుకు 15 మైక్రోగ్రాములు అన్న అమెరికా అంకెను ‘సురక్షిత పరిమితి’ అనుకుంటారు. కాదు. ఊళ్లో పరీక్షించిన నమూనాల్లో 10 శాతానికి మించి ఆ స్థాయి దాటితే సంస్థ చర్యలు మొదలుపెట్టాలన్నదే దాని అర్థం. ఒక్క ఇంట్లో 40 వచ్చినా ఊరు మొత్తం నియమం ప్రకారం సరిగ్గానే ఉండొచ్చు. 2024 అక్టోబరు నాటి కొత్త నియమం ఈ అంకెను 10కి దించింది. ఆరోగ్యపరంగా ఈపీఏ పెట్టుకున్న లక్ష్యం సున్నా. భారత ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 10 మైక్రోగ్రాములు అంటోంది. యూరప్ 2036 నాటికి 5కు చేరాలని నిర్ణయించుకుంది.

కాచి చల్లార్చినా పోదు

తెలుగు ఇళ్లలో నీటి మీద అనుమానం రాగానే చేసే పని కాచడం. క్రిముల మీద అది పనిచేస్తుంది. సీసం లోహం, ఆవిరైపోదు. కాచేకొద్దీ నీరు తగ్గి, మిగిలినదాంట్లో సీసం చిక్కబడుతుంది. కుళాయిలోని వేడినీటితో పాలపొడి కలపడం, అన్నానికి ఎసరు పెట్టడం ఇంకా చెడ్డ అలవాటు, వేడినీరు సీసాన్ని ఎక్కువగా కరిగిస్తుంది. పొడి పాలు తాగే పసివాళ్లకు ఆహారమంతా ఈ నీళ్లే కాబట్టి వారిమీదే ప్రభావం ఎక్కువ. పైపు సంగతి తేలేదాకా ఆర్‌ఓ గానీ, సీసం తగ్గిస్తుందని ఎన్‌ఎస్‌ఎఫ్ 53 అనే ప్రమాణం కింద ధ్రువీకరణ ఉన్న ఫిల్టర్ గానీ సరిపోతుంది. ధ్రువీకరణ లేని జగ్గు ఫిల్టర్లు రుచిని మార్చవచ్చు, సీసాన్ని ఆపుతాయన్న భరోసా లేదు.

పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కలో కారణం వెతకాల్సిందే. ఆ వెతుకులాట పైపు దగ్గరే ఆగకూడదు. 1978కి ముందు ఇళ్లకు వేసిన రంగు, ఊరి నుంచి తెచ్చిన కల్తీ పసుపు, కాటుక, కొన్ని ఇత్తడి, అల్యూమినియం పాత్రలు కూడా దోషులు కావచ్చు.

ఆంధ్ర, తెలంగాణల్లో ప్రశ్న వేరు

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రుల్లో చేరినప్పుడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. కుళాయి నీటి మీద అనుమానం ఊరంతా పాకింది. చివరికి నిపుణులు ప్రధానంగా వేలుపెట్టి చూపింది పురుగుమందుల అవశేషాలను.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి కనెక్షన్లకు చాలాకాలం జీఐ, ఆ తర్వాత ప్లాస్టిక్ పైపులు వాడారు. ఇక్కడ సీసం వచ్చే దారులు వేరు. పాత పోత ఇనుప మెయిన్ల అతుకుల్లో కరిగించి పోసిన సీసం ఒకటి, నీటికి తగిలే మేర చాలా తక్కువ. పీవీసీ పైపులు తయారీలో వేడికి చెడకుండా కలిపే సీసపు స్టెబిలైజర్ రెండోది. దీన్ని దశలవారీగా తొలగించేందుకు కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. గోడలోని పీవీసీ పైపును నాణెంతో గీకి ఈ సంగతి తేల్చలేం. ఇక్కడ నీటి పరీక్షే మార్గం, అదీ కొత్త పైపు వేసిన తొలి నెలల్లో.

ఉత్తరం మళ్లీ వస్తుంది

కొత్త నియమం ప్రకారం చాలా సంస్థలు 2027 నవంబరు నుంచి పదేళ్లలో సీసం లైన్లన్నీ మార్చాలి. న్యూజెర్సీ రాష్ట్ర చట్టం గడువు ఇంకా ముందు, 2031. 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టంలో ఈ పనికి 1,500 కోట్ల డాలర్లు కేటాయించారు. దేశవ్యాప్త అవసరానికి అది చాలదు. కాబట్టి ఏ ఊరు, ఏ వీధి ముందు అన్న వరస తప్పదు. ఆ వరసలో చోటు నిర్ణయించేది ఈ జాబితాయే.

‘అన్‌నోన్’ అన్న మాట చెరిగేదాకా ఆ ఇంటికి ఏటా ఉత్తరం వస్తూనే ఉంటుంది. గీకిన చోట వెలుతురు పడేలా, పక్కన నాణెం, అయస్కాంతం పెట్టి తీసిన ఒక ఫొటోను చాలా సంస్థలు వెబ్‌సైట్‌లోనే స్వీకరిస్తున్నాయి. అద్దెకున్నవారు కూడా పంపవచ్చు. ఫొటోతో ఇంటి వైపు ముక్క తేలుతుంది. వీధి వైపు ముక్క తేలాలంటే సంస్థ మనుషులు వచ్చి కాలిబాట దగ్గర గుంత తీయాల్సిందే.